టెక్ సందేహాలు: అమెరికాలో అమ్మ ఫోన్‌కు ఆగని రోబోకాల్స్

ప్రశ్న: గుంటూరు నుంచి అమ్మానాన్న డాలస్‌లోని మా ఇంటికి వచ్చారు. అమ్మకు ఇక్కడి నంబర్ తీసుకున్న వారం నుంచే మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా), కారు వారంటీ అంటూ రికార్డు చేసిన గొంతుతో కాల్స్. ‘వద్దనుకుంటే 9 నొక్కండి’ అంటే నొక్కింది. అవి ఇంకా పెరిగాయి. ఫోన్ మోగితేనే టెన్షన్ పడుతోంది. టెక్సస్‌లో దీనికి చట్టం ఏమైనా ఉందా?

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి, ఆమె తప్పేమీ లేదు. వద్దంటే నొక్కమన్నారు, నొక్కారు. కానీ ఆ నంబర్‌కు మనిషి పలుకుతున్నారని మోసగాళ్లకు తెలిసిపోయింది. ఇకపై ఏ అంకే నొక్కకుండా పెట్టేయమనండి. 214, 972 లాంటి డాలస్ కోడ్ కనిపించినా నమ్మొద్దు, దాన్ని నకిలీగా చూపించడం తేలిక. విజిటర్ వీసాపై వచ్చినవారికి మెడికేర్ ఉండదు కాబట్టి ఆ కాల్‌తో ఆమెకు పనే లేదు. పాస్‌పోర్టు, బ్యాంకు వివరాలు మాత్రం ఎవరికీ చెప్పొద్దనండి.

చట్టం ఉంది, గట్టిదే. 1991 నాటి ఫెడరల్ చట్టం టీసీపీఏ (టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం) ప్రకారం, అనుమతి లేకుండా మొబైల్‌కు రికార్డు గొంతుతో అమ్మకాల కాల్ చేస్తే కాల్‌కు 500 డాలర్లు, తెలిసి చేశారని తేలితే 1,500 డాలర్ల వరకు పరిహారం కోరవచ్చు. ఏఐతో పుట్టించిన గొంతుకూ ఇదే వర్తిస్తుందని 2024 ఫిబ్రవరిలో అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది. టెక్సస్ ఇంకాస్త ముందుకెళ్లింది. అక్కడ అమ్మకాల కాల్స్ ఉదయం 9 నుంచి రాత్రి 9 లోపే చేయాలి, ఆదివారమైతే మధ్యాహ్నం 12 తర్వాతే. 2025 సెప్టెంబర్ 1 నుంచి మార్కెటింగ్ మెసేజ్‌లు కూడా టెక్సస్ చట్టం కిందికి వచ్చాయి.

అమ్మగారి ఫోన్ నుంచే 1-888-382-1222కు కాల్ చేసి జాతీయ ‘డు నాట్ కాల్’ జాబితాలో నంబర్ చేర్చండి. డబ్బు కట్టక్కర్లేదు. అమ్మకాల కాల్స్ ఆగడానికి 31 రోజుల వరకు పట్టొచ్చు. టెక్సస్‌కు సొంత ‘నో కాల్’ జాబితా ఉంది, అందులోనూ చేర్చండి. రాజకీయ పార్టీల కాల్స్, విరాళాలు, సర్వేలు ఈ జాతీయ జాబితా పరిధిలోకి రావు. దొంగలైతే ఏ జాబితానూ చూడరు, వాళ్లను ఫోన్‌లోనే ఆపాలి.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేయండి. కొత్త వెర్షన్లలో అది ‘స్క్రీన్ అన్‌నోన్ కాలర్స్’ పేరుతో ఉంటుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్‌లో కాల్ స్క్రీన్ ఉంది, తెలియని కాల్స్‌కు అదే జవాబిచ్చి ఎవరో అడుగుతుంది. ఐఫోన్‌లో సైలెన్స్ పెడితే తెలియని నంబర్లు మోగకుండా వాయిస్‌మెయిల్‌కు వెళ్లిపోతాయి కాబట్టి, గుంటూరు బంధువులవి, డాక్టర్‌వి, ఫార్మసీవి ముందే సేవ్ చేసుకోండి. ఈ పని మరిచిపోతే ఊరి నుంచి వచ్చే అసలైన ఫోన్ కూడా అమ్మగారికి వినిపించదు.

అమ్మే కంపెనీ ఎవరో తెలిసిన కాల్స్ మాత్రం డిలీట్ చేయొద్దు. తేదీ, సమయం, నంబర్ రాసిపెట్టుకోండి, వాయిస్‌మెయిల్ దాచండి. టెక్సస్ జస్టిస్ కోర్టులో (చిన్న దావాల కోర్టు) 20,000 డాలర్ల వరకు లాయర్ లేకుండానే దావా వేయవచ్చు. అక్కడ చూపించడానికి ఈ వివరాలే కావాలి.