చేతబడి నింద నుంచి బయటపడాలంటే ఇంకొకరి పేరు రాసివ్వాలట, ఇవ్వొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కనిగిరి దగ్గర పల్లె. తొలకరి పడిన పది రోజులకు పక్కింటివాళ్ల గొర్రెలు 11 చచ్చిపోయాయి. వాళ్లు పిలిపించిన మంత్రగాడు మా అత్త చేతబడి చేసిందన్నాడు. పెద్దమనుషులు అత్తను రచ్చబండ దగ్గర మూడు గంటలు కూర్చోబెట్టి 20 వేలు తప్పు కట్టమన్నారు. లేకపోతే ఊరి చివర యానాది ఆమె చేసిందని కాగితం మీద వేలిముద్ర వేస్తే వదిలేస్తారట. అత్త వేస్తానంటోంది. వేయొచ్చా?

జవాబు: వద్దమ్మా, ఆ వేలిముద్ర మాత్రం వేయనివ్వొద్దు. ఇప్పటిదాకా మీ అత్త బాధితురాలు, అది వేసిన నిమిషం నుంచి ముద్దాయి. యానాదులు షెడ్యూల్డ్ తెగ. చేతబడి చేసిందని వాళ్ల మీద నిందవేసి మానసిక క్షోభ కలిగించినా ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌బి) కిందికి వస్తుంది, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష, ముందస్తు బెయిల్ కూడా సాధారణంగా దొరకదు. మీరు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే ఈ సెక్షన్ నేరుగా మీ మీదికే వస్తుంది. రాయించిన పెద్దమనుషులు అప్పుడు 'ఆమే చెప్పింది, మాకేం తెలుసు' అని పక్కకు తప్పుకుంటారు. ఇలాంటివి చూశాను కాబట్టే చెబుతున్నా. పైగా చేతబడి జరిగిన మాట నిజమేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, రేపు ఇంకో గొర్రె చస్తే మళ్లీ మీ ఇంటికే వస్తారు.

మన రాష్ట్రంలో దీనికి ప్రత్యేక చట్టం లేదు, బీహార్ 1999లోనే తెచ్చుకుంది. అయినా 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత చాలు. కదలనీయకుండా కూర్చోబెట్టడం సెక్షన్ 127, భయపెట్టి డబ్బు గుంజడం, గుంజాలని బెదిరించడం 308, బెదిరింపు 351. పరువు నష్టం 356 పోలీసులు నేరుగా కట్టే కేసు కాదు, మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. స్టేషన్‌లో 'ఊళ్లో సర్దుకోండి' అంటే ఆ ఒక్క ముక్క పట్టుకునే అంటారు, కాబట్టి ఫిర్యాదులో కూర్చోబెట్టిన సంగతి, డబ్బు సంగతి ముందు రాయండి. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపండి. ఈ రాత్రే ఇంటి మీదికొస్తే 112కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి చేయండి.

ఇక గొర్రెల సంగతి. తొలకరికి మొలిచిన లేత పచ్చిక ఆబగా మేసి రాత్రికి రాత్రి చచ్చాయంటే గొర్రెల కాపరికి ముందు గుర్తుకు రావలసింది చిటుక రోగం, దానికి టీకా కూడా ఉంది. నేను పశువుల డాక్టర్ని కాను కాబట్టి అదేనని చెప్పను. మందలో ఇంకొకటి చస్తే మాత్రం పాతిపెట్టకముందే డాక్టర్ చేత పోస్టుమార్టం చేయించమని పక్కింటివాళ్లకు చెప్పించండి, 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. ఆ రిపోర్టు వాళ్లకు ఇన్సూరెన్సుకు పనికొస్తుంది, మీకు కోర్టులో పనికొస్తుంది.

రచ్చబండ మాటలు ఎవరైనా ఫోన్లో రికార్డు చేసి ఉంటే ఆ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. వాళ్లు రాసి తెచ్చిన కాగితం మీ చేతికి వస్తే కోపంతో చించకండి, సంతకం లేకుండానే అలాగే దాచండి.