మోతను బట్టి నాణెం తెలుస్తుందా?

ప్రశ్న: మెటల్ డిటెక్టర్ కొన్నాను. అది మోగినప్పుడు కింద ఉన్నది పాత నాణెమో, ఇనుప మేకో ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ముందుగా మీ పెరట్లోనే ఒక రాగి నాణెం, వెండి మట్టె, సీసం ముక్క, తుప్పు మేకు ఒకదాని మోత మరోదానితో కలవనంత ఎడంగా, నాలుగు వేళ్ల లోతున పాతిపెట్టి, కాయిల్‌ను (డిటెక్టర్ కింది చివరన ఉండే గుండ్రటి పళ్లెంలాంటి భాగాన్ని) నేలకు సమాంతరంగా నెమ్మదిగా ఊపుతూ ఒక్కోదాని మోతనూ, తెరపై కనిపించే అంకెనూ రాసుకోండి. సాధారణంగా ఇనుముకు అంకె తక్కువగానూ, వెండికి ఎక్కువగానూ వస్తుంది. చిక్కల్లా సీసంతోనే: శాతవాహనుల నాణేలలో చాలావరకు సీసంవీ, పోటిన్‌వీ (రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం) కాబట్టి, అవి అల్యూమినియం మూతల అంకెల దగ్గరే పలకవచ్చు. అంకెను మాత్రమే నమ్మకండి. రెండు దిక్కుల నుంచీ ఊపినా మోత మారకపోతేనే లెక్కలోకి తీసుకోండి.

ఇది సాధన వరకే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే, సొంత పొలమైనా సరే, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దొరికిన నాణేన్ని చింతపండుతో మాత్రం తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.