కులు జిల్లాలో బస, విశాఖలో ఫిర్యాదు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. గత అక్టోబరులో మా కుటుంబం, తమ్ముడి కుటుంబం కలిసి, డెబ్బై ఏళ్లు దాటిన నాన్నగారిని వెంటబెట్టుకుని హిమాచల్ ప్రదేశ్ వెళ్లాం. కులు జిల్లాలోని గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనం లోపల లగ్జరీ టెంట్లు ఉన్నాయని ఒక బుకింగ్ యాప్‌లో చూసి, రెండు టెంట్లకు నాలుగు రాత్రులకు 96,000 రూపాయలు ముందే చెల్లించాను. ప్రతి టెంటుకూ సొంత స్నానాల గది, రాత్రంతా హీటరు, ఉద్యానవనంలో గైడుతో ట్రెక్కింగ్ ఉంటాయని ప్రకటనలో ఉంది. తీరా వెళితే టెంట్లు ఉద్యానవనానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కన ఉన్నాయి. స్నానాల గది అందరికీ ఒక్కటే. రాత్రి పదింటికి జనరేటర్ ఆపేశారు. ట్రెక్కింగ్‌కు అనుమతి పత్రాలే తీసుకోలేదు. నాన్నగారు చలికి తట్టుకోలేకపోవడంతో మర్నాడే ఖాళీ చేసి వేరే బసకు మారాం. మిగిలిన డబ్బు అడిగితే, ‘మీ అంతట మీరే వెళ్లిపోయారు, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివ్వబోమని షరతుల్లో ఉంది, ఏదైనా ఉంటే కులు కోర్టులోనే తేల్చుకోవాలి’ అని యజమాని అంటున్నారు. యాప్ వాళ్లు తాము మధ్యవర్తులమేనని తప్పుకుంటున్నారు. జరిగింది ఆన్‌లైన్‌లో రాస్తే పరువునష్టం దావా వేస్తామని కూడా యజమాని బెదిరించారు. ఇంత దూరం నుంచి నేను ఏం చేయగలను?

– ఒక పాఠకుడు

జవాబు: కేసు కోసం మీరు కులు వెళ్లాల్సిన పని లేదు. 1986 నాటి పాత వినియోగదారుల చట్టం ప్రకారం ప్రతివాది ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం–2019 ఆ కష్టం తీర్చింది. దాని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే, లేదా ఉద్యోగం చేసుకునే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. కులు కోర్టులకే అధికారం ఉంటుందని బుకింగ్ షరతుల్లో రాసుకున్నంత మాత్రాన పార్లమెంటు ఇచ్చిన ఈ హక్కు పోదు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషనే విచారిస్తుంది. కాబట్టి మీ ఫిర్యాదును విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు.

ఇక అసలు విషయం. యజమాని మాటల్లో ఒక మెలిక ఉంది, దాన్ని మీరు ఒప్పుకోకూడదు. మీరు బుకింగ్ రద్దు చేసుకోలేదు. ప్రయాణం మానుకున్నవారికి, తేదీలు మార్చుకున్నవారికి డబ్బు తిరిగివ్వబోమనే షరతు వర్తిస్తుందా లేదా అన్నది వేరే చర్చ. మీరు చెప్పిన రోజున చెప్పిన చోటికి వెళ్లారు. అమ్మిన సేవను ఇవ్వనిది వాళ్లు. ఇది చట్టం దృష్టిలో సేవాలోపం. లేని సౌకర్యాన్ని ఉందని చూపించడం తప్పుదోవ పట్టించే ప్రకటన. లోపం ఉన్న సేవకు తీసుకున్న డబ్బును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేదీ లేకపోతే 30 రోజుల్లోగా తిరిగివ్వకపోవడాన్ని ఇదే చట్టంలోని 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార విధానంగా పేర్కొంది. ఆన్‌లైన్ అమ్మకాలకు వర్తించే 2020 నాటి ఈ–కామర్స్ నిబంధనలు కూడా, ప్రకటనలో చెప్పినట్టు సేవ లేనప్పుడు అమ్మకందారు డబ్బు వాపసుకు నిరాకరించకూడదని చెబుతున్నాయి. నోటీసులో గానీ, వాట్సాప్ సందేశాల్లో గానీ ‘రద్దు’ అనే మాట పొరపాటున కూడా వాడకండి. ‘చెప్పిన సేవ ఇవ్వనందువల్ల ఖాళీ చేయాల్సి వచ్చింది’ అనే రాయండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆ షరతు ఏకపక్షమైనదని, అది అన్యాయమైన ఒప్పందమని, దాన్నే కొట్టివేయమని అడగాలనిపిస్తుంది. కానీ అన్యాయమైన ఒప్పందాలపై ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీకు ఆ దారి అవసరం లేదు. సేవాలోపం, అనుచిత వ్యాపార విధానం అనే రెండు పునాదుల మీదే ఫిర్యాదు నిలబెట్టండి.

మీ చేతిలో ఉన్న బలమైన అంశం ఉద్యానవనం ‘లోపల’ అన్న మాట. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ ఉద్యానవనంలోకి ప్రవేశించాలంటే అనుమతి పత్రం తప్పనిసరి, అదీ కాలినడకనే. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 ప్రకారం జాతీయ ఉద్యానవనంలో వాణిజ్య లాడ్జీలు, హోటళ్లు కట్టాలంటే జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు అనుమతి ఉండాలి. అంటే కారు దిగి నేరుగా టెంటులోకి వెళ్లే బస ఉద్యానవనం లోపల ఉందని చెప్పడం దూరం విషయంలో దొర్లిన చిన్న తేడా కాదు. ఉండడానికి వీల్లేనిదాన్ని ఉన్నట్టు అమ్మారు. ఆ టెంట్ల స్థలం ఉద్యానవనం సరిహద్దుకు ఎంత దూరంలో ఉందో, ఆ బసకు హిమాచల్ పర్యాటక శాఖ వద్ద నమోదు ఉందో లేదో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి తెలుసుకోండి. జవాబు వచ్చేదాకా ఫిర్యాదు ఆపక్కర్లేదు, ఆ జవాబును తర్వాత దాఖలు చేయవచ్చు.

ఆధారాల విషయంలో ఈ రోజే కూర్చోండి. ప్రకటనను వాళ్లు ఎప్పుడైనా మార్చేయగలరు కాబట్టి ఆ పేజీని, షరతులను, ఫొటోలను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. టెంట్ల దగ్గర తీసిన ఫొటోలను అసలు ఫైళ్లుగానే ఫోనులో ఉంచండి, వాట్సాప్‌లో పంపుకున్న కాపీల్లో తేదీ, స్థలం వివరాలు పోతాయి. ఆ రాత్రి యజమానికి పంపిన సందేశాలు, మర్నాడు చేరిన బస బిల్లు, నాన్నగారిని డాక్టరుకు చూపించి ఉంటే ఆ చీటీ, మందుల రసీదులు జతచేయండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జోడిస్తే అవతలి పక్షం అభ్యంతరానికి తావుండదు. తమ్ముడి చేత ఒక అఫిడవిట్ రాయించండి. చెల్లింపు మీ పేరున ఉన్నా, మీ అనుమతితో ఆ సేవ వాడుకున్న నాన్నగారూ, తమ్ముడూ చట్టం ప్రకారం వినియోగదారులే.

ఎంత అడగాలి? మీరు ఉండని మూడు రాత్రులకు 72,000 రూపాయలు నేరుగా అడగవచ్చు. ఉన్న ఒక్క రాత్రికి పూర్తి మొత్తం కాకుండా కొంత తగ్గింపు అడగడం సబబు. కొత్త బసకు అదనంగా అయిన ఖర్చు, వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు విడివిడిగా చూపండి. పరిహారం లక్షల్లో అడిగితే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో లెక్క కుదిరిన ఫిర్యాదునే కమిషన్ శ్రద్ధగా వింటుంది. అక్టోబరులో హిమాలయాల్లో చలి ఉండటం వాళ్ల తప్పు కాదు, దాన్ని ఫిర్యాదులో తప్పుగా చూపకండి. ఆ చలిలో రాత్రంతా ఉంటుందన్న హీటరును పదింటికి ఆగిపోయేలా చేయడం మాత్రం పూర్తిగా వాళ్ల తప్పే. పెద్దాయన పడ్డ బాధకు జవాబు చెప్పాల్సింది కూడా అక్కడే.

యాప్ సంస్థను రెండో ప్రతివాదిగా తప్పక చేర్చండి. డబ్బు తీసుకున్నది, ఆ ప్రకటన చూపించింది వాళ్లే. మధ్యవర్తులమన్న వాదన చెల్లుతుందో లేదో కమిషన్ తేలుస్తుంది. ఈ–కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అది జరగకపోతే అదీ మీకు ఆధారమే. రేపు గెలిచాక డబ్బు వసూలు కావాలన్నా కొండల్లోని యజమాని కన్నా నగరంలో కార్యాలయం ఉన్న సంస్థను పట్టుకోవడం తేలిక. తీర్పు అమలు చేయకపోతే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

పరువునష్టం బెదిరింపుకు భయపడకండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోని మొదటి మినహాయింపే ప్రజాహితం కోసం చెప్పిన నిజాన్ని నేరం కాదంటోంది. జరిగింది జరిగినట్టు, ఫొటోలతో రాయండి. తిట్లు వద్దు, ‘దొంగలు’ వంటి మాటలు వద్దు. శీతాకాలంలో మన విశాఖవాళ్లు లంబసింగి, వంజంగి టెంట్లకు వెళ్లి అక్కడ తేడా వస్తే కొన్ని గంటల్లో ఇల్లు చేరతారు. ఫొటోను నమ్మి వేలు ముందే కట్టి, పిల్లలతో, పెద్దవాళ్లతో దేశం ఆ చివరకు వెళ్లే కుటుంబానికి ఆ వీలు ఉండదు. అలాంటి వాళ్లకు మీ సమీక్ష నిజంగా అవసరం.

ముందుగా 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని సంస్థలు అక్కడే దిగివస్తాయి. తర్వాత ఇద్దరికీ స్పీడ్ పోస్టులోను, ఈమెయిల్‌లోను నోటీసు పంపండి. ఫిర్యాదును ఈ–జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. వీడియో ద్వారా విచారణకు దరఖాస్తు పెట్టుకునే వీలూ ఉంది. చట్టం మూడు నెలల్లో తేల్చమంటున్నా ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి.

ఫిర్యాదుకు గడువు వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. మీ విషయంలో ఆ టెంట్లలో దిగిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. వాళ్లతో ఈమెయిళ్లు నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు పెరగదు. అందుకని నోటీసులో పదిహేను రోజులు మాత్రమే ఇవ్వండి, జవాబు రాకపోతే ఆ మర్నాడే ఫిర్యాదు వేయండి.