ఆ క్యాలెండర్ దగ్గర మొదలుపెట్టు

అమ్మడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీల్లో ఒంటరితనం, డాలర్ల వెంట పరుగు, అమెరికా బతుకు అన్నీ ఉన్నాయి, నువ్వే లేవు. మూడో పేజీలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం పోయాక హెచ్‌-1బీ వీసా వాళ్లకి ఈ దేశంలో ఉండటానికి మిగిలే 60 రోజుల్ని, ఇండియన్ స్టోర్‌లో ఊరికే ఇచ్చిన తెలుగు క్యాలెండర్ మీద ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చానని రాశావు. ఏకాదశి మీద, అమావాస్య మీద నీ పెన్ను గీతలు. అక్కడ మొదలుపెట్టు. ముందున్నదంతా తీసేయ్.

తీసేయడం కష్టమే. మా పక్కింటి పెద్దావిడ పోయాక పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. ఎస్టేట్ సేల్ అంటారుగా, అదే. గరిటెలకి కూడా ధర చీటీలు. నేనొక అప్పడాల కర్ర కొనుక్కున్నాను. ఇంటికొచ్చి కడుగుతుంటే పిడి సందులోంచి ఎండిపోయిన పిండి ఊడొచ్చింది. ఆవిడ కలిపిన పిండి. అది రాసుకుని, చివర్లో "ఈ దేశంలో బంధాలింతే" అని ఓ పేరా తగిలించాను. అది అబద్ధం. ఆ రోజు వాళ్లమ్మాయి వంటింట్లో నిలబడి ఏడవడం నేను చూశాను. పేరా బాగా కుదిరిందని, కళ్లారా చూసింది వదిలేశాను. దాన్ని కొట్టేయడానికి నాకు ఏడాది పట్టింది.

అర్థం వెతుక్కోవడంలో తప్పులేదమ్మా. ముందే తెలిసిన అర్థాన్ని తెచ్చి అతికించకు, అంతే.

అమెరికన్ నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ తన తండ్రి గురించి రాసిన వ్యాసం చదువు. 1943 జులై 29న తండ్రి పోయాడు, అదే రోజు చెల్లెలు పుట్టింది. అంత్యక్రియల రోజు బాల్డ్విన్‌కి 19వ పుట్టినరోజు. న్యూయార్క్‌లో నల్లవాళ్లుండే హార్లెంలో అల్లర్లు. పగిలిన గాజుపెంకుల మధ్య నుంచే తండ్రిని శ్మశానానికి తీసుకెళ్లారు. ఆ వ్యాసం 1955లో పుస్తకంలోకి వచ్చింది. అంటే 12 ఏళ్లు. నీకూ తొందరేం లేదు.

అమ్మతో ఫోన్లో "ఆఫీసు బాగానే ఉంది" అన్న రోజు కూడా ఆ క్యాలెండర్ మీద ఉంటుంది కదా. ఆ రోజు ఏ తిథో చూసి, ఏం వండుకున్నావో, ఎంతసేపు మాట్లాడావో గుర్తున్నంత రాయి. అమ్మ చదువుతుందని టెన్షన్‌గా ఉంటే ముందు నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ