క్రూజ్‌లో ఫార్మల్ నైట్‌కి గౌను కొనాలా? బ్లేజర్ సరిపోతుందా?

7 రాత్రుల క్రూజ్‌లో 2 ఫార్మల్ నైట్స్ (బాగా ముస్తాబై భోజనానికి వెళ్లే రాత్రులు) ఉన్నాయని, మీవారి దగ్గర ఒక నేవీ బ్లూ బ్లేజర్ తప్ప సూట్ లేదని, మీరు నేల దాకా ఉండే గౌను కొనక తప్పదా అని, బట్టలు సరిగ్గా లేకపోతే డైనింగ్ హాల్ గుమ్మం దగ్గరే ఆపేస్తారా అని అడిగారు. చాలా నౌకల్లో ఆ బ్లేజర్ చాలు. గౌను కొనక్కర్లేదు. మేం ఇప్పటికి మూడు క్రూజ్‌లు వెళ్లొచ్చాం. మొదటిసారి నేనూ మీలాగే నెల రోజుల ముందు నుంచి టెన్షన్ పడ్డాను. అన్నీ ఒకటికి రెండుసార్లు చూసి సర్దాననుకున్న సూట్‌కేస్‌లోంచే మా ఆయన పరువు తీసే వస్తువు బయటపడింది. ఆ సంగతి కాసేపు ఆగి చెబుతాను.

ముందు మీరు ఎక్కబోయే నౌక ఏ కంపెనీదో చూసుకోండి. ఫార్మల్ అనే మాటకి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. అందరిలోకీ పాత పద్ధతి పాటించేది క్యూనార్డ్ వాళ్లు. క్వీన్ మేరీ 2 మీద సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే 7 రాత్రుల ప్రయాణంలో మామూలుగా 2 గాలా ఈవెనింగ్స్ ఉంటాయి. ఆ రోజుల్లో మగవాళ్లు టక్సీడో (విందులకి వేసుకునే నల్ల సూట్) గానీ, ముదురు రంగు సూట్ గానీ వేసుకుని మెడకి బో టైయో మామూలు టైయో కట్టుకోవాలి. మీది ఆ నౌక అయితే బ్లేజర్‌తో సరిపెట్టుకోకుండా ఒక సూట్ సంపాదించడం మంచిది. దానికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉండేది నార్వీజియన్. 2000లో వాళ్లు ఫ్రీస్టైల్ అని మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడ ముస్తాబు మన ఇష్టం. వైకింగ్ సముద్ర నౌకల్లో అసలు ఫార్మల్ నైటే ఉండదు. సెలబ్రిటీ వాళ్లు పాత పేరు తీసేసి ఈవెనింగ్ షిక్ అంటున్నారు. అందులో మగవాళ్లకి కోటు ఉన్నా సరే, లేకపోయినా సరే. కార్నివాల్‌లో దీని పేరు ఎలిగెంట్ నైట్. 2 నుంచి 5 రోజుల ప్రయాణానికి ఒకటి, 6 రోజులు, అంతకు మించితే రెండు. ప్రిన్సెస్‌లో ఇంకా ఫార్మల్ అనే పేరే ఉంది, జనం కూడా కాస్త ఎక్కువే ముస్తాబవుతారు. అయినా సూట్, మంచి ప్యాంటు మీద కోటు, రెండూ కనిపిస్తాయి.

కంపెనీ వెబ్‌సైట్‌లో డ్రెస్ కోడ్ పేజీ తెరిస్తే మెరిసిపోతున్న దంపతుల ఫొటోలు ముందు కనిపిస్తాయి. వాటిని చూసి బెదిరిపోవద్దు. కిందికి వెళ్లి, ఏవి వేసుకోకూడదు అన్న వరస చదవండి. మనకి అసలు పనికొచ్చేది అదే. ఈత దుస్తులు, మగవాళ్ల చేతుల్లేని బనియన్లు, జిమ్ షార్ట్స్, బీచ్ చెప్పులు, తలమీద టోపీ. గుమ్మం దగ్గర నిలబడే మనిషి చూసేది ఇవే. మీ గౌను ఏ బట్టతో కుట్టారు, టై ఏ బ్రాండ్ అని ఆయనకి అక్కర్లేదు. మా రెండో ప్రయాణంలో మా ముందు నిలబడిన ఒకాయన షార్ట్స్‌లో వచ్చాడు. అక్కడున్నతను దగ్గరికి వంగి చెవిలో ఏదో చెప్పాడు. పది నిమిషాల్లో ప్యాంటు వేసుకుని వచ్చి మా పక్క టేబుల్ దగ్గరే కూర్చున్నాడు. రగడేమీ జరగలేదు.

ఇప్పుడు మా ఆయన సంగతి. మొదటి ప్రయాణానికి సూట్ సర్దుతూ, ఎప్పుడో పెళ్లిళ్ల కోసం కొని డబ్బాలో దాచిన నల్ల బూట్లు తీశాం. నాలుగేళ్లు దాటింది వాటిని వేసుకుని. పైన తోలు అద్దంలా ఉంది, ఒక్క మడత లేదు. గుడ్డతో తుడిచి అలాగే సూట్‌కేస్‌లో పెట్టాను. ఫార్మల్ నైట్ రోజు క్యాబిన్ నుంచి డైనింగ్ హాల్‌కి వెళ్లే ఆ పొడుగాటి వరండాలో సగం దూరం వెళ్లాక, ఎవరో పిలిచినట్టనిపించి వెనక్కి తిరిగాను. కార్పెట్ మీద మా తలుపు దగ్గర నుంచి మా కాళ్ల దాకా నల్లగా కాఫీ పొడి చల్లినట్టుంది. ఎవరో ఏదో ఒలకబోశారు అనుకున్నాను. మా ఆయన ఇంకో అడుగు వేశాడు, ఇంకో గుప్పెడు పొడి రాలింది. కాలు ఎత్తి చూస్తే ఎడమ బూటు మడమ సగం లేదు, మిగతాది పాత కేకులా వేలు తగిలితే చాలు ఊడి వస్తోంది. తర్వాత తెలిసింది, పాలీయురెథేన్‌తో చేసిన సోల్స్ అంతే. వాడకుండా ఏళ్ల తరబడి పెట్టేస్తే గాలిలో తేమకి లోలోపలే చివికిపోతాయి. పైకి మాత్రం కొత్తగానే కనిపిస్తాయి. బరువు పడేసరికి పిండి పిండి.

రిసెప్షన్‌లో నల్ల టేపు దొరుకుతుందేమో అడుగుదామా అన్నాడు. పొడిని టేపుతో ఎలా కట్టేది? గదికి వెనక్కి వెళ్లి, ఊళ్లు తిరగడానికి తెచ్చుకున్న ముదురు నీలం కాన్వాస్ బూట్లు, నల్ల మేజోళ్లు వేసుకుని, కుంచించుకుపోతూ వచ్చాడు. మా టేబుల్ దగ్గర ఆరుగురం. ఎవరూ గమనించలేదు. టేబుల్ గుడ్డ మోకాళ్ల దాకా వేలాడుతుంటే కాళ్లు చూసేదెవరు? చివరికి ఆయనే ఉండబట్టలేక కథంతా చెప్పేశాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నిండు టక్సీడోలో ఉన్నవాడు, కుర్చీ వెనక్కి జరిపి కాలు చూపించాడు. నల్లటి స్పోర్ట్స్ షూస్. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక డాక్టర్ ఇంకేమీ వేసుకోనివ్వట్లేదట, నాలుగేళ్లుగా క్రూజ్‌లన్నీ వాటితోనే తిరుగుతున్నాడట.

కాబట్టి మీవారి బ్లేజర్ గురించి కాదు, బూట్ల గురించి ఆలోచించండి. ఇప్పుడే డబ్బాలోంచి తీసి ఇంట్లో ఒక అరగంట నడిపించండి. చొక్కా మెడ బొత్తాం కూడా పెట్టి చూడమనండి, ఊపిరాడుతోందో లేదో. బ్లేజర్ కింద బూడిద రంగు గానీ నలుపు గానీ ప్యాంటు, తెల్ల చొక్కా, ఒక టై. క్యూనార్డ్ లాంటిది కాకపోతే, ఇంతకు మించి మామూలుగా ఎవరూ ఆశించరు. టక్సీడో సరదా ఉంటే కొన్ని కంపెనీలు ముందే బుక్ చేసుకుంటే అద్దెకి తెప్పించి క్యాబిన్‌లో పెడతాయి. బో టై కొనేటట్టయితే కొక్కెంతో తగిలించేది కొనండి. కట్టుకునే రకం అంటే అద్దం ముందు భార్యాభర్తల మధ్య గొడవ గ్యారంటీ.

మీకు గౌను అక్కర్లేదన్నాను కదా. మోకాళ్ల కిందికి వచ్చే డ్రెస్, మంచి బ్లౌజ్ మీద పొడవు స్కర్ట్, పట్టు ప్యాంట్‌సూట్, ఏదైనా నడుస్తుంది. చీరా అంతే. ఏ దేశం వాళ్లయినా తమ సంప్రదాయ దుస్తుల్లో వస్తే దాన్ని ఫార్మల్‌గానే లెక్కవేస్తారు. స్కాట్లాండ్ మగవాళ్ల గళ్ల కిల్ట్ కట్టుకున్నవాళ్లనీ కిమోనో వేసుకున్నవాళ్లనీ నేను చూశాను. నా ఓటు మాత్రం ముదురు రంగులో, నలగని జెర్సీ బట్టతో కుట్టిన సాదా డ్రెస్‌కే. చుట్టి సూట్‌కేస్‌లో పడేస్తే చాలు, తీసి దులిపితే మళ్లీ మామూలే. మొదటి రాత్రి ముత్యాల దండ, రెండో రాత్రి రంగుల శాలువా. ఒకే డ్రెస్ రెండుసార్లు వేశానని నాకు తప్ప ఎవరికీ తెలియదు. మొదటిసారి చమ్కీల డ్రెస్ కొన్నాను. చంకల దగ్గర గీరుకుని భోజనం అయ్యేసరికి ఎర్రటి చారలు పడ్డాయి. అది బీరువాలోనే ఉంది, ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను.

శాలువా అలంకారానికే అనుకోకండి. డైనింగ్ హాల్లో ఏసీ వణికిస్తుంది. భోజనం రెండు గంటలు సాగుతుంది, చేతుల్లేని డ్రెస్‌తో అంతసేపు కూర్చోవడం కష్టం.

సన్న మడమల చెప్పులు మాత్రం వద్దు. నేల మీద వాటితో పరుగెత్తే అలవాటున్నా సరే. నౌక మెల్లగా ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు కూర్చుంటే తెలియదు, మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. ఫార్మల్ నైట్ రోజు లిఫ్టుల దగ్గర జనం ఎక్కువ, కాబట్టి మెట్లే గతి అవుతాయి. పైగా భోజనానికి ముందు ఫొటోల కోసం డెక్ మీదకి వెళ్తే చెక్క పలకల మధ్య సందుల్లో మడమ ఇరుక్కుంటుంది. వెడల్పు మడమ ఉన్నవి తీసుకోండి. డ్రెస్ అంచు నేలకి రెండు వేళ్ల పైకి ఉండేలా చూసుకుంటే మెట్ల మీద తొక్కుకోరు.

ఎవరూ చెప్పని విషయం ఒకటి. ఒళ్లు పట్టేసే డ్రెస్ మొదటి ఫార్మల్ నైట్‌కి, వదులుగా ఉండేది రెండోదానికి ఉంచుకోండి. మొదటిది సాధారణంగా రెండో రాత్రో మూడో రాత్రో వస్తుంది. రెండోది చివరి రోజుల్లో వస్తుంది. ఈ మధ్యలో మూడు పూటలా బఫే, మధ్యాహ్నం కేకులు, అర్ధరాత్రి పిజ్జా. మా ఆయన రెండో ఫార్మల్ నైట్‌కి ప్యాంటు బొత్తాం పెట్టలేక, దాన్ని కాజాకి రబ్బర్ బ్యాండ్‌తో కట్టి బెల్టుతో కప్పేశాడు. ఆ రాత్రి లాబ్‌స్టర్ వడ్డించారు, రెండోసారి కూడా వేయించుకున్నాడు.

ఇస్త్రీ సంగతి ముందే తెలుసుకోండి. ఇస్త్రీ పెట్టె గానీ స్టీమర్ గానీ మీ సామానులో పెడితే నిప్పు భయంతో ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు, దిగేటప్పుడు ఇస్తారు. ప్రిన్సెస్, క్యూనార్డ్ నౌకల్లో మనం వాడుకునే లాండ్రీ గదులుంటాయి, అందులో ఇస్త్రీ బల్లలూ ఉంటాయి. రాయల్ కరీబియన్‌లో అలాంటివి ఉండవు, డబ్బిచ్చి చేయించుకోవాలి. గదులున్న చోట కూడా సాయంత్రం వెళ్లకండి. మేం ఐదింటికి వెళ్తే ఒక్క ఇస్త్రీ పెట్టె చుట్టూ చొక్కాలు పట్టుకుని నలుగురు నిలబడ్డారు. మూడో ప్రయాణం నుంచి నేను మొదటి రోజే బట్టలన్నీ హ్యాంగర్లకి తగిలించి, వేడి నీళ్లతో స్నానం చేసేటప్పుడు బాత్‌రూమ్ తలుపు వెనక వేలాడదీస్తున్నాను. ఆవిరికి మడతలు చాలావరకు పోతాయి. బీరువా చిన్నది కాబట్టి నాలుగు అయస్కాంతం కొక్కేలు తీసుకెళ్లండి. చాలా నౌకల్లో క్యాబిన్ గోడలు ఇనుపవే, బాగా అతుక్కుంటాయి.

ఎక్కిన రోజు రాత్రి ఫార్మల్ ఉండదు, భయపడకండి. రేవులో అప్పగించిన సూట్‌కేసులు క్యాబిన్ చేరేసరికి ఒక్కోసారి రాత్రి భోజనం వేళ దాటుతుంది. అందరూ వచ్చిన బట్టల్లోనే తింటారు. విమానంలో రేవు దాకా వెళ్లేవాళ్లయితే మాత్రం ఫార్మల్ నైట్ బట్టలు ఒక జత చేతి సంచిలోనే పెట్టుకోండి. ఏ రాత్రి ఏ డ్రెస్ కోడ్ అన్నది క్యాబిన్‌లో పెట్టే రోజువారీ కాగితంలోనో, కంపెనీ యాప్‌లోనో ఉంటుంది. ఉదయమే చూసుకుంటే సాయంత్రం హడావిడి ఉండదు.

ఫొటోగ్రాఫర్లు మెట్ల దగ్గర తెరలు కట్టి నిలబడి పిలుస్తారు. ఫొటో దిగినందుకు మామూలుగా డబ్బు తీసుకోరు, ఫొటో కావాలంటేనే కట్టాలి. మొహమాటపడకండి. మా ఇంట్లో గోడకి ఉన్న మంచి ఫొటో అలా వచ్చిందే. అందులో మా ఆయన కాన్వాస్ బూట్లు కనబడకుండా నడుము దాకా తీయమని బతిమాలాను.

అసలు ఈ గోలంతా వద్దనిపిస్తే వెళ్లక్కర్లేదు కూడా. బఫే ఆ రాత్రి కూడా తెరిచే ఉంటుంది. క్యూనార్డ్‌లో సైతం ముస్తాబవ్వని వాళ్లకి బఫే, పబ్ ఉన్నాయి. మూడో ప్రయాణంలో రెండో ఫార్మల్ నైట్ రోజు మేమిద్దరం పగలంతా ఊరు తిరిగి అలిసిపోయి, అవే బట్టలతో బఫేకి వెళ్లాం. రోజూ చోటు కోసం పళ్లేలు పట్టుకుని తిరిగే హాలు అది. ఆ రాత్రి పదిహేను మంది కూడా లేరు. వెనక వైపు కిటికీ పక్క టేబుల్ దొరికింది. నౌక వెనకాల తెల్లటి నురగ దారి చీకట్లో కలిసిపోయే దాకా కూర్చున్నాం.