పదమూడేళ్ల పిల్లాడికి అప్పు గురించి ఎలా చెప్పాలి?

మీ బాబుకి పదమూడేళ్లు, గేమ్ కోసం ఫ్రెండ్ దగ్గర నాలుగొందలు అప్పు చేశాడు, ఈ వయసులో వడ్డీ గిడ్డీ అంటే బెదిరిపోతాడేమో అని అడిగారు కదండి. నేను చెప్పేది ఒకటే, మీ ఇంట్లో ఉన్న అప్పు వాడికి చూపించండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి, కౌలుకి వరి చేస్తాం, సార్వా ఊడుపులకి అప్పు తెస్తాం, ధాన్యం డబ్బులు పడ్డాక కడతాం, ఏటా ఉండేదే, పిల్లల దగ్గర దాచడం ఎందుకండి.

మా అమ్మాయి ఎనిమిదో క్లాసప్పుడు ప్రామిసరీ నోటు దాని ఎదురుగానే రాశాం. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం దాని మీదకి వచ్చేలా వాళ్ల నాన్న పెడుతుంటే పక్కనే కూర్చుని చూసింది. తర్వాత మధ్యలో కొంత కట్టినప్పుడు నోటు వెనకాల చెల్లు వేయించడం కూడా చూసింది, వేయించకపోతే కట్టినట్టు రుజువేది అని అదే అంది.

లెక్క కూడా దాని చేతే కట్టించాం. నూటికి రెండు అంటే పిల్లలకి రెండే కదా అనిపిస్తుందండి, అది నెలకి అని మనం విడిగా చెప్పం కదా. 50,000కి నెలకి వెయ్యి, ఏడాదికి 12,000, అంటే 24 శాతం. అదే బ్యాంకులో పంట రుణమైతే 7 శాతం, 3,500 అవుద్ది, గడువులోపు కట్టేస్తే 3 శాతం తగ్గి 2,000తో పోద్ది. మరి బ్యాంకులోనే తేవచ్చు కదా అంది. పొలం మన పేరున లేదమ్మా, కౌలు వాళ్లకి అక్కడ అప్పు పుట్టడం కష్టం అని ఉన్నది ఉన్నట్టు చెప్పాం, చాలాసేపు అడుగుతూనే ఉంది.

ఫోన్ ఈఎంఐ లెక్క కూడా చేయించండి. 12,000 ఫోను, ఏడాది వాయిదా, 12 శాతం ఫ్లాట్ అంటే నెలకి 1,120. కానీ అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీదే వేస్తారు కాబట్టి నిజంగా పడేది 21 శాతం దాటుద్ది. ప్రాసెసింగ్ ఫీజు దాని మీద ఎక్స్‌ట్రా.

లోన్ యాప్‌ల గురించి మాత్రం గట్టిగానే చెప్పండి. పద్దెనిమిది నిండకుండా రాసిచ్చిన అప్పు పత్రం చట్టంలో చెల్లదు, కానీ పిల్లలు వాడేది మన ఫోనే కదా, కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి పర్మిషన్ ఇచ్చేస్తే దాంతోనే బెదిరించేవాళ్లున్నారు.

ఇక ఆ నాలుగొందలు మీరు కట్టేయకండి. వాడి పాకెట్ మనీలోంచి నెలకి ఇంత అని వాడే రాసుకోవాలి, కట్టిన ప్రతిసారీ ఆ ఫ్రెండ్ చేత కింద చెల్లు వేయించుకోవాలి. ముందు ఆ అబ్బాయి దగ్గరికెళ్లి ఎప్పటికల్లా తీరుస్తాడో వాడి నోటితోనే చెప్పించండి, కావాలంటే మీరు పక్కన ఉండండి.