సూది తేదీ వాడినే రాసుకోనీ

అమ్మాయీ,

నీ మెసేజ్ చదివాను. 15 ఏళ్ల మీ అబ్బాయి సూదికి రానని మొండికేస్తున్నాడని, రాత్రి వాడు పడుకున్నాక నువ్వు లేచి ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని చూసుకుంటున్నావని రాశావు. నా కూతురిదీ ఇదే జబ్బు, గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండెలో మైట్రల్ వాల్వ్ లీక్ మిగిలింది, అందుకని మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆ సూది బాధ్యత ఇక మెల్లగా వాడికే అప్పజెప్పు.

ఆ జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేసే ఆ పెన్సిలిన్ సూదిని, వాల్వ్ బాగా దెబ్బతిన్నవాళ్లకి 40 ఏళ్ల దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా కొనసాగిస్తారు. అన్నేళ్లు నువ్వు వెంటపడి వేయించలేవు తల్లీ. క్యాలెండర్లో తేదీ వాడే రాసుకోవాలి, ఫైలు వాడే పట్టుకోవాలి, బెంగళూరు జయదేవ గుండె ఆసుపత్రి ఓపీలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నకి వాడే జవాబు చెప్పాలి. ఎలాగూ కన్నడ నీకంటే వాడికే బాగా వచ్చు. పక్కన కూర్చుని నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఉండు.

నొప్పి సంగతి మాత్రం తేలిగ్గా తీసేయకు. ఆ మందు చిక్కగా ఉంటుంది, సూది దిగాక తుంటి పట్టేసి మర్నాడు కూడా కుంటుతారు, ఆ వయసు పిల్లాడు స్కూల్లో కుంటుతూ కనపడాలంటే వాడికి ప్రాణం పోయినంత పని. శనివారం సాయంత్రం వేయించు. ఫ్రిజ్‌లోంచి తీసిన మందైతే చల్లదనం పోయాక నిదానంగా వేయమని నర్సుని అడుగు, నొప్పి తెలియకుండా లిగ్నోకైన్ మత్తుమందు కలపొచ్చా అని డాక్టర్ని అడుగు. మానేస్తే ఏమవుతుందో కూడా వాడికి చెప్పాలి, బెదిరించి కాదు. గొంతులో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం తిరగబెడితే వాల్వ్ ఇంకా పాడవుతుంది, అంతే, ఉన్నదున్నట్టు చెప్పు.

అప్పట్లో గొంతునొప్పిని పట్టించుకోలేదని ఇప్పటికీ కుమిలిపోతున్నావట. గొంతునొప్పి రాని పిల్లలెవరు? కొందరిలో ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి వాల్వ్‌ మీద పడుతుంది. నీ పెంపకంలో లోపమేమీ లేదు.

ఇక నిద్ర. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, గొంతునొప్పితో జ్వరం, ఇవి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, ఇంట్లో అందరికీ కనపడాలి. వీటిలో ఏదైనా ఉంటే ఆసుపత్రికి పరుగెత్తు, లేకపోతే పడుకో. ఆటల సంగతి మనమే తేల్చేయకూడదు, ఎకో (గుండె స్కాన్) చూసి డాక్టర్ ఎంతవరకు సరేనంటే అంతవరకు ఆడనీ. పళ్లు మాత్రం శుభ్రంగా ఉండాలి, పళ్ల డాక్టర్ దగ్గరికెళ్తే గుండె జబ్బు ఉందని ముందే చెప్పాలి, ఆ మాట కూడా వాడి నోటితోనే రావాలి.

వచ్చే సూదికి తోడుగా మీ ఆయన్ని పంపించు. నువ్వు ఆ సాయంత్రం కేఆర్ పురంలో మెట్రో ఎక్కి ఇందిరానగర్‌లో దిగు, స్టేషన్ దగ్గరికి నేనే వస్తాను.